సైకిలు మీద వెళ్లే మన బిడ్డలు క్షేమంగా ఇల్లు చేరాలంటే



ఈ పేజీలో సాధారణంగా బి.పి., షుగరు, కాన్పులు, టీకాల గురించి రాస్తూ ఉంటాము. ఈసారి సైకిలు గురించి రాస్తున్నాము. ఆసుపత్రి పత్రికకు సైకిలుతో పనేమిటని కొందరికి అనిపించవచ్చు. ఒక రాత్రి మా క్యాజువాలిటీలో జరిగిన సంగతి చెబితే ఆ ప్రశ్న ఉండదు.

వాన వెలిసిన సాయంత్రం. ఎనిమిదో తరగతి చదివే అబ్బాయి బడి నుంచి సైకిలు మీద ఇంటికి వస్తున్నాడు. వెనక నుంచి వచ్చిన బండికి దారి ఇవ్వబోయి తారు రోడ్డు అంచు దిగాడు. అక్కడ తారుకూ మట్టికీ మధ్య జానెడు గండి ఉంది. సైకిలు పక్కకు ఒరిగింది, తల రాయికి తగిలింది. లేచాడు, బట్టలు దులుపుకున్నాడు, ఇంటికి వెళ్లాడు. చెల్లెలితో మాట్లాడాడు, టీ తాగాడు. తలనొప్పిగా ఉందని పడుకున్నాడు. పడ్డానని ఎవరికీ చెప్పలేదు.

రాత్రి తొమ్మిదింటికి తల్లి ఆటోలో తీసుకొని వచ్చింది. "భోజనానికి లేపుతుంటే లేవడం లేదు సిస్టరమ్మా. రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. మాట కూడా తేడాగా ఉంది" అన్నది. డాక్టరుగారు చూసేసరికి ఒక కంటిపాప పెద్దదై ఉంది. ఆలస్యం చేయకుండా ఆక్సిజన్ పెట్టి, సెలైను ఎక్కించి, నర్సును తోడిచ్చి, తలకు ఆపరేషను చేసే పెద్ద ఆసుపత్రికి అంబులెన్సులో పంపించాము. ఆ రాత్రే ఆపరేషను జరిగింది. దేవుని కృప వలన బిడ్డ బతికాడు.

కుట్లు చూపించుకోవడానికి మళ్లీ మా దగ్గరికి వచ్చినప్పుడు తండ్రి చెప్పిన మాట మేము మరచిపోలేము. "సైకిలు కొని పట్టుమని నెల కాలేదండీ. హ్యాండిలు వంగిపోయింది. తిడతానని భయపడి చెప్పలేదంట" అన్నాడాయన, తల వంచుకొని. ఇప్పుడు ఆ సైకిలును వసారాలో దూలానికి వేలాడదీశారు. హైస్కూలు నాలుగు కిలోమీటర్లు. వచ్చే ఏడు ఆ సైకిలు మీద వెళ్లాలనుకున్న చెల్లెలికి కూడా ఇక సైకిలు లేదన్నారు.

ఆ తండ్రి భయాన్ని మేము తప్పు పట్టలేము. కాని సైకిలును దూలానికి కట్టేస్తే రోడ్డు మారుతుందా? ఈ సంచిక పాఠములో ఆ ప్రశ్నే మన ముందున్నది.

తలకు దెబ్బ తగిలితే

పుర్రె ఎముకకూ మెదడును కప్పి ఉన్న పొరకూ మధ్య రక్తనాళాలు ఉంటాయి. దెబ్బ వలన అవి చిట్లితే రక్తం అక్కడ కొద్దికొద్దిగా పేరుకుంటుంది. మొదట్లో మనిషి మామూలుగా మాట్లాడతాడు, నడుస్తాడు. కొన్ని గంటల తర్వాత ఆ రక్తం మెదడును నొక్కడం మొదలుపెడుతుంది. అందుకే "పడ్డాడు గాని లేచాడుగా, ఏమీ కాలేదు" అనే మాటను నమ్మవద్దు. తలకు గట్టి దెబ్బ తగిలినవారిని కనీసం 24 గంటలు ఒంటరిగా వదలకూడదు.

ఈ క్రింది గుర్తులలో ఏ ఒక్కటి కనబడినా వెంటనే ఆసుపత్రికి రావాలి.

1. కొద్దిసేపైనా స్పృహ తప్పడం, లేదా జరిగినది గుర్తు లేకపోవడం.
2. మళ్లీ మళ్లీ వాంతులు.
3. తలనొప్పి గంటగంటకూ ఎక్కువవడం.
4. మత్తుగా ఉండడం, లేపితే సరిగా లేవకపోవడం, మాట తడబడడం.
5. ఫిట్సు రావడం.
6. చెవి లేక ముక్కు నుంచి రక్తం గాని, నీరు వంటి ద్రవం గాని కారడం.
7. ఒక చెయ్యి లేక కాలు బలహీనపడడం, కంటిపాపలు రెండూ ఒకే సైజులో లేకపోవడం.

ఇంటిలో పసరు పోయడం, పసుపు పెట్టి పడుకోబెట్టడం, స్పృహ లేనివారి నోట్లో మంచినీళ్లు పోయడం చేయకండి. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తాగి ఉన్నాడు, అందుకే మత్తుగా ఉన్నాడు అని కూడా తేల్చేయకండి. తాగినవాడి తలకూ దెబ్బ తగులుతుంది.

ఇంకొక మాట మందుల కంటె ముఖ్యమైనది. తల్లిదండ్రులారా, ఈ రాత్రే మీ బిడ్డలను దగ్గర కూర్చోబెట్టుకొని ఇలా చెప్పండి: "సైకిలు విరిగితే విరగనీ. పడితే మాత్రం ఇంటికి వచ్చి చెప్పు. నిన్ను ఏమీ అనము." ఈ మాటకు ఖర్చు లేదు. ఒక్కొక్కసారి ప్రాణాన్ని నిలబెట్టేది ఇదే.

చక్రంలో కాలు పడితే

మా దగ్గరికి తరచుగా వచ్చే మరొక దెబ్బ ఇది. వెనక క్యారియరు మీద గాని, ముందు కడ్డీ మీద గాని కూర్చున్న చిన్నపిల్లల పాదం చక్రం పుల్లల మధ్యకు పోతుంది. మడమ దగ్గర చర్మం నలుగుతుంది. మొదటి రోజు చిన్న గాయంలాగే కనబడుతుంది గాని, నలిగిన చర్మం కొన్ని రోజులకు నల్లబడి చచ్చిపోవచ్చు. కాలు ఇరుక్కున్నప్పుడు బలంగా లాగకండి. చక్రాన్ని ఆపి, అవసరమైతే పుల్లలు కత్తిరించి మెల్లగా తీయండి. శుభ్రమైన నీటితో కడిగి, ఉతికిన గుడ్డ కప్పి ఆసుపత్రికి తీసుకురండి. ఎముక సంగతి, టి.టి. ఇంజెక్షను సంగతి మేము చూస్తాము. ఇలా జరగకుండా ఉండాలంటే వెనక చక్రానికి రెండు వైపులా జాలీ బిగించి, పిల్లలు కాళ్లు పెట్టుకోవడానికి పెడలు అమర్చాలి. సైకిలు మెకానిక్కు అది కొద్దిసేపటి పని. చున్నీ, పైట చెంగు, లుంగీ అంచు కూడా చైనులో పడకుండా ముడివేసుకోవాలి. చైను కవరు ఊడిపోతే వెంటనే పెట్టించండి.

మరి సైకిలు మానేద్దామా?

మానవద్దనే మేము చెబుతాము. కారణాలు చూడండి.

పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు వెచ్చబడేంత శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. రోజుకు అరగంట చొప్పున వారానికి ఐదు రోజులు సైకిలు తొక్కితే ఆ లెక్క పూర్తవుతుంది. మన దేశంలో సుమారు 10 కోట్ల మందికి షుగరు వ్యాధి ఉన్నదని 2023లో ప్రచురితమైన భారత వైద్య పరిశోధన మండలి సర్వే చెప్పింది. కాళ్ల కండరాలు పని చేసినప్పుడు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి. బ్రిటనులో 2 లక్షల 60 వేల మందికి పైగా మనుషులను కొన్నేళ్లు గమనించి 2017లో ప్రచురించిన పరిశీలనలో, పనికి సైకిలు మీద వెళ్లేవారిలో మరణాలు బండ్లమీద వెళ్లేవారికంటె 41 శాతం తక్కువగా కనబడ్డాయి. ఆ తేడా అంతా సైకిలు వల్లనే వచ్చిందని దీనితో తేల్చలేము గాని, చూపు ఎటువైపు ఉన్నదో తెలుస్తూనే ఉన్నది.

చదువు సంగతి కూడా ఆలోచించండి. బీహారులో 2006 నుంచి తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకు ప్రభుత్వం సైకిలు ఇప్పించింది. ఆ వయసులో బడిలో చేరే ఆడపిల్లల సంఖ్య దానివలన 32 శాతం పెరిగిందని తర్వాత పరిశోధకులు లెక్కగట్టారు. హైస్కూలు మూడు కిలోమీటర్లకు మించి దూరమున్న ఊళ్లలో మేలు మరింత ఎక్కువగా కనబడింది. మన ఆంధ్రప్రదేశ్‌లో కూడా 2016లో "బడికొస్తా" అనే పేరుతో ప్రభుత్వ బడుల ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చారు. పొరుగునున్న తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు వేలాది మంది పల్లె స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. కూలి పనికి, నీళ్లకు, సంతకు ఇంకొకరి కోసం ఎదురుచూడకుండా తామే వెళ్లగలిగారు. సైకిలును దూలానికి కట్టేస్తే ఇదంతా కూడా కట్టేసినట్టే.

డాక్టరును అడిగి తొక్కవలసినవారు

షుగరుకు ఇన్సులిన్ గాని, చక్కెరను బాగా తగ్గించే మాత్రలు గాని వాడేవారు పరగడుపున సైకిలు ఎక్కవద్దు. చెమటలు పట్టి, కాళ్లు వణికి, కళ్లు తిరిగితే చక్కెర పడిపోయినట్టే. జేబులో గ్లూకోజు పొట్లం గాని, నాలుగు చాక్లెట్లు గాని ఉంచుకోండి. పాదాలకు స్పర్శ తగ్గినవారు చెప్పులతో కాక, వేళ్లు మూసి ఉండే బూట్లతో తొక్కాలి. ఇంటికి వచ్చాక అరికాళ్లు చూసుకోవాలి.

గుండెపోటు వచ్చినవారు, నడిస్తే ఛాతీలో నొప్పి వచ్చేవారు ముందు మమ్మల్ని కలవండి. ఫిట్సు వ్యాధి అదుపులో లేనివారు, తల తిరుగుడు ఉన్నవారు డాక్టరు చెప్పేవరకు రోడ్డు మీద తొక్కకూడదు. శుక్లాలున్న పెద్దలు మసకచీకటిలో తొక్కవద్దు. ఎదుటి లైటు పడితే వారికి రోడ్డే కనబడదు. మోకాళ్ల నొప్పులవారు భయపడనక్కరలేదు. శరీరం బరువు సీటు మీద పడుతుంది గనుక నడకకంటె సైకిలు వారికి సుఖంగా ఉంటుంది. అయితే సీటు ఎత్తు సరిచేసుకోవాలి. పెడలు కిందికి వెళ్లినప్పుడు మోకాలు కొంచెం మాత్రమే వంగి ఉండాలి. సీటు మరీ కిందికి ఉంటే మోకాలు నొప్పి పెరుగుతుంది.

ప్రమాదం ఎక్కడ ఉన్నది?

ప్రపంచమంతటా 2021లో సుమారు 11 లక్షల 90 వేల మంది రోడ్డు ప్రమాదాలలో చనిపోయారు. 5 నుంచి 29 ఏళ్లలోపు వారి మరణాలకు మొదటి కారణం ఇదే. జబ్బులన్నీ దీని తర్వాతే. మన దేశంలో 2022లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ నివేదిక చెప్పింది. అంటే రోజుకు సుమారు 460 మంది. వారిలో నడిచి వెళ్లేవారే 32,825 మంది. ద్విచక్ర మోటారు వాహనాల మీద వెళ్లేవారు ఇంకా ఎక్కువ.

దీని వెనక ఉన్న లెక్క ఐదో తరగతి పిల్లవాడికి కూడా అర్థమవుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో సుమారు 8 మీటర్లు కదులుతుంది. 60 కిలోమీటర్లయితే దాదాపు 17 మీటర్లు. పిల్లవాడు అడ్డం వచ్చాడని డ్రైవరు చూసి బ్రేకు మీద కాలు పెట్టేలోపే ఆ సెకను గడిచిపోతుంది. బండి ఆగడం అప్పుడే మొదలవుతుంది. పైగా వేగం రెండింతలైతే దెబ్బ బలం నాలుగింతలవుతుంది. అందుకే ఊరి నడుమ, బడి ముందు, ఆసుపత్రి ముందు, చర్చి ముందు వేగం తగ్గించడమే అన్నిటికంటె పెద్ద మందు.

మన ఇంటి పిట్టగోడ

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనములో ఒక చిన్న ఆజ్ఞ ఉన్నది. కొత్త ఇల్లు కట్టుకున్నవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలి. ఎవరైనా అక్కడనుంచి పడితే ఆ దోషము ఇంటివారి మీదికి వస్తుంది. పడినవాడు చూసుకోలేదని చెప్పి ఇంటి యజమాని తప్పించుకోవడానికి వీలులేదు. ముందే గోడ కట్టడం అతని బాధ్యత.

ఈ మాటను మన రోడ్డుకు అన్వయించుకుంటే మనలో చాలామందిమి తల దించుకోవాలి. కోతల కాలంలో వడ్లు, మొక్కజొన్నలు సగం రోడ్డు మీద ఆరబోస్తున్నాము. చుట్టూ రాళ్లు పెడుతున్నాము. ధాన్యం ఎత్తుకున్నాక రాళ్లు అక్కడే వదిలేస్తున్నాము. చీకట్లో వచ్చే సైకిలువాడికి ఆ రాయి కనబడదు. ధాన్యం మీద చక్రం జారుతుంది. చెరకు, గడ్డి నింపిన ట్రాక్టరు ట్రక్కుకు వెనక లైటు గాని, మెరిసే స్టిక్కరు గాని ఉండదు. పెళ్లిళ్లకు రోడ్డుకు అడ్డంగా పందిళ్లు వేస్తాము. పదిహేనేళ్ల కొడుకుకు మోటారు సైకిలు తాళం ఇచ్చి "మావాడు భలే తోలుతాడు" అని మురుస్తాము. ఇవన్నీ మన మిద్దెకు మనం కట్టని పిట్టగోడలే.

మా సంగతి కూడా దాచము. మా ఆసుపత్రి గేటు ఎదుట మలుపులో కంపచెట్లు రోడ్డు మీదికి పెరిగి ఎన్నో నెలలుగా దారి కనబడకుండా చేస్తున్నాయి. రోజూ దెబ్బలు కడుతున్న మేమే ఆ కొమ్మలు కొట్టించలేదు. ఆ అబ్బాయి సంగతి జరిగాక సిగ్గుపడి, ఒక శనివారం సిబ్బందిమంతా కత్తులు పట్టుకొని శుభ్రం చేశాము. రెండు గంటల పని.

సైకిలు తొక్కేవారికి పది నియమాలు

1. ఎడమ ప్రక్కనే, బండ్లు వెళ్లే దిక్కులోనే వెళ్లాలి. దగ్గరవుతుందని ఎదురు వెళ్లవద్దు. నడిచేవారు మాత్రం ఫుట్‌పాతు లేనిచోట కుడి ప్రక్కన, ఎదుటి బండ్లు కనబడేలా నడవడం మేలు.
2. రోడ్డు అంచుకు మరీ ఆనుకొని తొక్కవద్దు. గండి, ఇసుక తగిలితే పడతారు. ఒక మూర లోపలికి ఉండి తిన్నగా వెళ్లండి.
3. మలుపు తిరిగే ముందు వెనక్కి చూసి, చెయ్యి చాపి చూపండి.
4. మలుపు దగ్గర ఆగిన లారీ లేక బస్సు ఎడమ ప్రక్కకు దూరకండి. మీరు డ్రైవరుకు కనబడరు. లారీ తిరిగేటప్పుడు వెనక చక్రాలు లోపలికి కోసుకుంటూ వస్తాయి.
5. రెండు బ్రేకులు, గంట, గాలి, చైను వారానికొకసారి చూసుకోండి.
6. వెనక ఎర్రని రిఫ్లెక్టరు, ముందు లైటు ఉండాలి. ఐదు రూపాయల మెరిసే స్టిక్కరైనా మడ్‌గార్డుకు అంటించండి. చీకటి పడ్డాక తెల్లని లేక లేతరంగు బట్టలు వేసుకోండి.
7. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చేతిలో ఫోను వద్దు. వెనక వచ్చే బండిని చెవితోనే పసిగడతాము.
8. ట్రాక్టరును, లారీని పట్టుకొని వేలాడుతూ వెళ్లవద్దు.
9. ఒకే సైకిలు మీద ముగ్గురు ఎక్కవద్దు. పుస్తకాల సంచి హ్యాండిలుకు తగిలించవద్దు.
10. హెల్మెట్ పెట్టుకోండి. మన చట్టము మోటారు సైకిలుకే హెల్మెట్ తప్పనిసరి చేసింది గాని, తలకు ఆ తేడా తెలియదు. గాయపడిన 64 వేల మందికి పైగా సైకిలు సవారీదారుల వివరాలను కలిపి చూసిన 2016 నాటి పరిశీలనలో, హెల్మెట్ పెట్టుకున్నవారికి తలకు తీవ్రమైన గాయాలయ్యే అవకాశం 69 శాతం తక్కువని తేలింది. హెల్మెట్ ముందు అంచు కనుబొమలకు రెండు వేళ్ల పైన ఉండాలి. గడ్డం కింద పట్టీ బిగించాలి. పట్టీ పెట్టని హెల్మెట్ మీకంటె ముందే ఎగిరిపోతుంది. నాన్న మోటారు సైకిలు హెల్మెట్ పిల్లవాడికి పెట్టవద్దు. అది బరువు, వదులు.

కలిసి తొక్కుదాము

ఒంటరి సైకిలును ఎవరూ లెక్కచేయరు. నలభై సైకిళ్లు కలిసి వెళ్తే లారీ కూడా నెమ్మదిస్తుంది. దక్షిణ అమెరికాలో కొలంబియా దేశపు బొగోటా నగరంలో 1974 నుంచి ఆదివారాలు కొన్ని పెద్ద రోడ్లమీద మోటారు బండ్లు ఆపి, నడిచేవారికీ సైకిళ్లకూ వదులుతున్నారు. మన దేశంలో గురుగ్రాములో 2013లో అటువంటి కార్యక్రమం మొదలైంది. సైకిళ్లకు వీధులు అనువుగా చేయడానికి కేంద్ర ప్రభుత్వం 2020లో పెట్టిన పోటీలో 2021లో గెలిచిన 11 నగరాలలో మన వరంగల్లు ఒకటి. హైదరాబాదు అవుటర్ రింగ్ రోడ్డు ప్రక్కన 23 కిలోమీటర్ల పొడవున, పైన సోలారు పలకల కప్పుతో సైకిలు దారిని 2023లో ప్రారంభించారు. ఐక్యరాజ్య సమితి 2018లో జూన్ 3ను ప్రపంచ సైకిలు దినముగా ప్రకటించింది. 2024 డిసెంబరులో కేంద్ర క్రీడల శాఖ ఆదివారం సైకిలు సవారీలు మొదలుపెట్టింది.

పల్లెలకు సోలారు కప్పులు రావు గాని, కలిసి తొక్కడానికి ఎవరి అనుమతి కోసమూ ఏళ్లు ఎదురుచూడనక్కరలేదు. ఆదివారం మనకు ఆరాధన దినము గనుక నెలకొక శనివారం ఉదయం అనుకోండి. యౌవనస్థుల సహవాసము, సండేస్కూలు టీచర్లు కలిసి ఇలా చేయవచ్చు.

మొదట ఐదు కిలోమీటర్ల దారి ఎంచుకోండి. హైవే ఎక్కకుండా చర్చి, బడి, చెరువు గట్టు, ఆసుపత్రి కలిసేలా ఉంటే మంచిది. వారం ముందే పోలీసు స్టేషనులో ఒక ఉత్తరం ఇచ్చి, కూడలి దగ్గర ఒక హోంగార్డును నిలపమని అడగండి. పంచాయతీకి కూడా తెలియజేయండి. ముందురోజు సాయంత్రం పంక్చరు షాపు అతనిని చర్చి ఆవరణకు పిలిచి సైకిళ్లన్నీ చూపించండి. బ్రేకు లేని సైకిలు బయలుదేరకూడదు. పదిమందికొక గుంపు. ప్రతి గుంపుకు ముందొక పెద్ద, వెనకొక పెద్ద. ఇరుకు రోడ్డు మీద ఒకరి వెనక ఒకరు. అందరిలో చిన్నవాడు ఎంత వేగంతో తొక్కగలడో గుంపు వేగం అంతే. ఇది పందెం కాదు. ముందు వచ్చినవారికి బహుమతి పెట్టకండి. చివరగా ఒక ఆటో, అందులో మంచినీళ్లు, ప్రథమచికిత్స పెట్టె ఉంచండి. ఏడున్నర లోపు ముగించండి. మన ఎండ సంగతి తెలిసినదే.

ఆడపిల్లలనూ తల్లులనూ వదలకండి. సైకిలు రాని అక్కలకు చర్చి ఆవరణలోనే సాయంత్రాలు నేర్పండి. నవ్వుతారని ఎవరైనా వెనకాడితే స్త్రీల సమాజమువారు ముందు నిలబడండి.

చూచినది రాయండి, రాసినది అడగండి

ఈ సవారీలో ముఖ్యమైన పని ఒకటి ఉంది. ప్రతి గుంపులో ఒకరి చేతికి కాగితం, పెన్సిలు ఇవ్వండి. దారిలో భయం వేసిన ప్రతి చోటా ఆగి రాసుకోవాలి. ఎక్కడ తారు అంచు తెగింది, ఎక్కడ వీధిదీపం లేదు, ఎక్కడ రంగు వేయని స్పీడ్ బ్రేకరు ఉంది, ఏ కూడలిలో చెట్లు అడ్డమున్నాయి, బడి ముందు జీబ్రా గీతలు ఉన్నాయా? పిల్లలను అడగండి. మనకు కనబడనివి వారికి కనబడతాయి. తిరిగి వచ్చాక చార్టు మీద ఊరి పటము గీసి గుర్తులు పెట్టించండి.

తర్వాత ఆ రోడ్డు ఎవరిదో తెలుసుకోండి. ఊరి లోపలి రోడ్లు పంచాయతీవి. మండలాలను కలిపే రోడ్లలో చాలావరకు రోడ్లు భవనాల శాఖవి గాని, పంచాయతీరాజ్ ఇంజినీర్లవి గాని ఉంటాయి. జాతీయ రహదారి అయితే 1033 నంబరుకు ఫోను చేయవచ్చు. ఒక కాగితం మీద ఒకే కోరిక, స్పష్టంగా చోటు పేరుతో రాయండి. ఫొటో జతచేయండి. హెడ్‌మాస్టరుగారి సంతకము, సర్పంచిగారి సంతకము, అన్ని మతాల పెద్దల సంతకములు పెట్టించండి. రోడ్డు అందరిది గనుక అర్జీ కూడా అందరిదిగా ఉండాలి. సోమవారం కలెక్టరుగారి కార్యాలయంలో అర్జీలు తీసుకొనేటప్పుడు ఇచ్చి రసీదు తీసుకోండి. నెల తర్వాత ఆ రసీదుతో మళ్లీ వెళ్లండి. కోపంతో మనమే రాళ్లూ మట్టీ పోసి స్పీడ్ బ్రేకరు కట్టవద్దు. రంగు, బోర్డు లేని గుట్ట రాత్రివేళ ఇంకొకరి బిడ్డను పడేస్తుంది.

మంచి సమరయుడు మరియు మన చట్టము

లూకా సువార్త 10వ అధ్యాయములోని ఉపమానము మనకందరికీ తెలుసు. దారిలో గాయపడి ఉన్న మనిషిని చూసి ఇద్దరు ప్రక్కగా వెళ్లిపోయారు. మూడవవాడు ఆగాడు, గాయాలు కట్టాడు, తన వాహనము మీద ఎక్కించాడు, ఖర్చు పెట్టుకున్నాడు. ఈనాడు ఆ మొదటి ఇద్దరిలాగా వెళ్లిపోయేవారిని అడిగితే "కేసు అవుతుందని భయమండీ" అంటారు.

ఆ భయం ఇక అక్కరలేదు. ఒక స్కూటరు ప్రమాదం సంగతిపై వచ్చిన వ్యాజ్యములో, పోలీసు కాగితాల కోసం ఆగకుండా ముందు ప్రాణం కాపాడడం ప్రతి డాక్టరు బాధ్యత అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. సాయపడినవారిని వేధించరాదన్న మార్గదర్శకాలను 2016లో తప్పనిసరి చేసింది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టము 134-ఎ సెక్షను ప్రకారం, మంచి మనసుతో సాయపడినవారిమీద కేసు ఉండదు. మీ పేరు, చిరునామా చెప్పమని బలవంతపెట్టకూడదు. ఆసుపత్రిలో చేర్చినందుకు మిమ్మల్ని డబ్బు కట్టమనకూడదు. అటువంటి సాయానికి 2021లో 5 వేల రూపాయలుగా ఉన్న ప్రోత్సాహకాన్ని కేంద్ర ప్రభుత్వం 2025లో 25 వేలకు పెంచింది. మోటారు వాహనం వలన గాయపడినవారికి గుర్తింపు ఉన్న ఆసుపత్రులలో మొదటి ఏడు రోజులు లక్షన్నర రూపాయల వరకు ఉచిత చికిత్స ఇచ్చే పథకము కూడా 2025లో వచ్చింది.

కనుక ఆగండి. ముందు మీ బండిని ప్రక్కన ఆపి, వచ్చే వాహనాలను ఆపించండి. 108కి గాని 112కి గాని ఫోను చేసి, చోటు గుర్తుతో చెప్పండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టుకోండి. పసుపు, కాఫీ పొడి, మట్టి వేయవద్దు. మెడ, వెన్ను మెలిపెట్టకుండా ఉంచండి. అంబులెన్సు రాదని తెలిస్తే ముగ్గురు నలుగురు కలిసి తల, ఒళ్లు ఒకే వరుసలో ఉండేట్టు ఎత్తండి. ప్రక్కన ఒకరు కూర్చొని మాట్లాడుతూ ఉండండి. ఆ సమయంలో ఒక మనిషి చెయ్యి పట్టుకోవడం కూడా చికిత్సే.

గృహ కూడికలో మాట్లాడుకొనుటకు ప్రశ్నలు

1. మన బిడ్డలు బడికి వెళ్లే దారిలో అన్నిటికంటె ప్రమాదమైన చోటు ఏది? చివరిసారి మనం ఆ దారిని వారితో కలిసి ఎప్పుడు నడిచాము?
2. దెబ్బ తగిలినా చెప్పడానికి భయపడేట్టు మన ఇంటిలో ఏ మాటలు వినబడుతున్నాయి?
3. మనం కట్టవలసిన పిట్టగోడ ఏది? రోడ్డు మీది ధాన్యమా, లైటు లేని ట్రాక్టరా, పిల్లవాడి చేతిలోని మోటారు సైకిలా?
4. వచ్చే నెల ఏ శనివారం కలిసి తొక్కుదాము? ఎవరెవరు బాధ్యత తీసుకుంటారు?

ముగింపు మాట

ఆ అబ్బాయి ఇప్పుడు బడికి వెళ్తున్నాడు. తండ్రి పని మానుకొని రోజూ మోటారు సైకిలు మీద దించుతున్నాడు. ఆయన ఊరిలో లేని రోజున ఇద్దరు పిల్లలూ ఇంటిలోనే ఉంటున్నారు. సైకిలు ఇంకా వసారాలోనే ఉంది. మొన్న మందులకు వచ్చినప్పుడు "ఆ గండి పూడ్చితే, ఇంకో పదిమంది పిల్లలు తోడుంటే అప్పుడు చూద్దామండీ" అన్నాడాయన.

గండి పూడ్చమని అర్జీ రాశాము. మొదటి సంతకము ఆయనే పెట్టాడు. తోడు వెళ్లే ఆ పదిమంది మీ ఇళ్లలోనే ఉన్నారు. వారిని పంపండి, మీరూ రండి. మన రోడ్ల మీద వెళ్లే, వచ్చే బిడ్డలందరికీ ప్రభువు తోడుగా ఉండునుగాక.

మీ ప్రార్థనలు కోరుతూ,
మీ ఆసుపత్రి సిబ్బంది